గడ్డం ఎత్తండి, ఫాదర్

మా ఆయన తాగుతాడని మా ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు, నాకు తప్ప.

ఆయన పేరు ఎఫ్తిమీ. నీస్త్రు నది ఒడ్డున ఉన్న మా నుకరేని ఊరి చర్చికి ఫాదర్. మా చర్చిలో ఫాదర్లకి పెళ్లాలుంటారు, పిల్లలుంటారు, మంగలితో మాత్రం పనుండదు. ఈయన గడ్డం మరీ ఒత్తు. బుగ్గల దగ్గర మొదలై గొంతంతా కప్పేసి గుండెల మీదకి దిగుతుంది. ఆయన్ని నేను పెళ్లినాడు చూసినప్పుడే గడ్డం ఉంది, ఆ గడ్డం వెనక ఏముందో నాకే సరిగ్గా తెలియదు.

మూడేళ్ల కిందట ఆయన పొట్ట పెరగడం మొదలైంది. మొదట నడికట్టు బిగువైంది, తర్వాత అంగీ కుట్లు వదిలించాల్సి వచ్చింది. చేతులూ బుగ్గలూ చిక్కిపోతుంటే పొట్ట ఒక్కటే మద్దెలలా బిగిసింది. నాలుగు ముద్దల మొక్కజొన్న సంకటి తినేసరికి చాలనేవారు. గంట మోగించే గోపురం మెట్లెక్కితే సగంలో కూర్చుండిపోయేవారు. ఇంకేముంది, ఊరు తీర్పు చెప్పేసింది.

ఊరికి ఆధారాలు లేవని అనలేను. ఆదివారం ఆరాధన అయ్యాక గిన్నెలో మిగిలిన పవిత్ర ద్రాక్షారసాన్ని పారబొయ్యకూడదు, ఫాదరే తాగి గిన్నె కడగాలి. జనవరిలో పవిత్ర జలం చల్లడానికి ఆయన ఇంటింటికీ వెళ్లాలి. మా ఊళ్లో నేలమాళిగ లేని ఇల్లు లేదు, ద్రాక్షసారా పీపా లేని నేలమాళిగ లేదు. ఫాదర్ గ్లాసు అందుకోకపోతే ఆ ఇంటికి ఏడాదంతా తలవంపులు. అందుకని ఈయన గ్లాసు అందుకుని, పెదవులు తడిపి, కింద పెట్టేస్తారు. కానీ ప్రతి ఇల్లూ తను నిండా పోసిన గ్లాసుని గుర్తుపెట్టుకుని, దాన్ని ఊళ్లో ఉన్న ఇళ్లన్నిటితో హెచ్చవేసింది. నేను బళ్లో లెక్కలు చెబుతాను. ఇంత చేటు హెచ్చవేత నా పిల్లల్లో మొద్దురాచ్చిప్ప కూడా చెయ్యడు.

ఒకనాడు కొట్టు దగ్గర రొట్టె తీసుకుంటుంటే కొట్టుదాని మొగుడు అడిగాడు.

"అమ్మగారూ, ఫాదర్ గారికి ఎన్నో నెలండీ?"

"నీకు బుర్ర పుట్టిన్నాడు చెబుతాలేరా" అన్నాను. కొట్లో వాళ్లంతా నవ్వారు. నేను రొట్టె అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

జిల్లా ఆస్పత్రిలో ఆయన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డాన్ని దుప్పటిలా మెడ మీదే వదిలేసి, పొట్ట మీద జిగురు రాసి స్కానింగ్ చేశారు. కాలేయం వాచింది, కడుపు నిండా నీళ్లు.

"రోజుకి ఎన్ని గ్లాసులేస్తారు ఫాదర్?" అని అడిగాడు డాక్టరు.

"ఆదివారం ఒక్క చెంచా" అన్నారీయన.

"మా మావయ్య కూడా చెంచాతోనే మొదలెట్టాడండీ" అని డాక్టరు నవ్వాడు.

కామెర్ల వైరస్ ఉందేమోనని రక్తం చూశారు, లేదు. వైరస్ లేకపోతే ఇక మిగిలింది సీసాయేనని వాళ్ల లెక్క. గుండె కూడా చూశారు. "బ్రహ్మాండంగా పిండుతోందండీ, గుండెకేం ఢోకా లేదు" అన్నారు. ఒంట్లో నీరు తీసే మాత్రలిచ్చారు. మాత్రలకి లొంగనప్పుడు సూది గుచ్చి బకెట్లోకి నీళ్లు తీశారు. తీసిన కొన్నాళ్లకి మళ్లీ ఊరేవి. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. నవ్వి ఫైలు మూసేవారు.

ఈ చలికాలం వచ్చేసరికి ఆయన వెల్లకిలా పడుకోలేకపోయారు. కుర్చీలో కూర్చునే నిద్ర. అప్పుడు మా ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్ద ఫాదర్ మా ఇంటి ముందు కారు దిగారు. నేను పెట్టిన కోడి చారు పొగడ్తలతో తాగి, గిన్నె పక్కకి జరిపి, అసలు సంగతి తీశారు.

"ఎఫ్తిమీ, నాయనా, గొడవ లేకుండా తప్పుకో. కొన్నాళ్లు మఠంలో ఉండు, మానెయ్యి. ఈస్టర్ అయ్యాక ఇక్కడికి వేరేవాణ్ణి పంపిస్తాను. నిన్నెవరూ ఒక్క మాట అనకుండా చూసే పూచీ నాది."

"నేను తాగను" అన్నారు మా ఆయన.

"సరే సరే" అన్నారు పెద్ద ఫాదర్, జ్వరమొచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు.

ఇల్లు చర్చిది, పోతే పోనీ. కానీ ఈ మనిషి ఊపిరాడక చచ్చిపోతాడు, పోయాక కూడా సమాధి శిలువ మీద తాగుబోతనే రాస్తారు. తాగనివాడికి తాగుబోతు జబ్బు ఎలా వచ్చిందో నాకు ఎవరైనా చెప్పి తీరాలి. ఆ వారమే మినీబస్సులో కూర్చోబెట్టుకుని రాజధాని కిషినావ్‌లో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను.

అక్కడ చేర్చుకునే గదిలో ఉన్నది స్నెజానా అనే డాక్టరమ్మ. చిన్నపిల్ల. తలలో పెన్సిలు గుచ్చుకుని రాయడానికి పెన్ను కోసం బల్లంతా వెతుకుతోంది. మాకిదే దొరికిందా అనుకున్నాను. వయసు, బరువు, మందులు రాసుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"తాగుడెంత?"

నేను నోరు తెరిచాను, ఎప్పట్లాగే పోట్లాటకి సిద్ధంగా.

"రోజుకి అర లీటరు" అన్నారు మా ఆయన.

నా చేతిలో సంచీ జారి పడింది. ఆపిల్‌పళ్లు గదంతా దొర్లాయి.

"ఏంటండీ మీరంటున్నది?" అన్నాను.

"ఊరుకో అగ్లయా" అన్నారు నేల చూస్తూ.

డాక్టరమ్మ రాసుకుంది. ఈయనకి మంచం ఇచ్చారు. నర్సు చెయ్యి పట్టుకుని, ఇక్కడికొచ్చారుగా, అదే మంచి పని, అని మెచ్చుకుంటూ తీసుకెళ్లింది. నేను నడవాలో బెంచీ మీద కూలబడ్డాను. మూడేళ్లు ఈ మనిషి కోసం ఊరంతటితో పోట్లాడాను. నా ఆడపడుచుతో మాటలు మానేశాను. ఎక్కడ దాచాడు? కొవ్వొత్తుల గదిలోనా? పవిత్ర వస్త్రాల పెట్టెలోనా? వాసన రాకుండా ఏం నమిలాడు? ఇంత తెలివి ఆయనకి ఎక్కడిదని కూడా తోచింది, కానీ ఆ ఆలోచన నిలబడలేదు.

తర్వాత రోజుల్లో ఆయన బట్టలు ఉతికాను, తిండి తినిపించాను, మాట మాత్రం మాట్లాడలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. పక్క మంచం మీదున్న ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఈ ఫాదరూ అమ్మగారూ మూగోళ్లా ఏంటి, అని నర్సుని అడిగాడు.

ఒక ఉదయం స్నెజానా వచ్చింది. ఈయన ఎప్పట్లాగే మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆమె పొట్ట నొక్కింది, కాళ్లు నొక్కింది. మళ్లీ పొట్ట దగ్గరికొచ్చింది. మొహం చిట్లించింది.

"ఇంత పొట్టకి కాళ్లు ఇంతేనా వాచింది?" అని తనలో తను గొణుక్కుంది. ఒక్క క్షణం ఆగి అంది. "ఫాదర్, గడ్డం ఎత్తండి."

ముసలాయన గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఏమే అమ్మాయ్! ఫాదర్ గడ్డం మీద చెయ్యేస్తావా? కళ్లు పోతాయే!"

"నేను ముట్టుకోను తాతా. ఆయన్నే ఎత్తమంటున్నా" అంది.

మా ఆయన సిగ్గుతో ఎర్రబడి, రెండు చేతులతో గడ్డాన్ని చెవుల దాకా ఎత్తి పట్టుకున్నారు. పెళ్లయి ఇన్నేళ్లకి పగటి వెలుతురులో ఆ మెడని నేను మొదటిసారి చూశాను. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మెడకి రెండు వైపులా నా చిటికెన వేలంత లావున నరాలు, చెవి తమ్మెల దాకా ఉబ్బి ఉన్నాయి. నిటారుగా కూర్చున్న మనిషికి! అవి కదులుతున్నాయి కూడా.

"గట్టిగా ఊపిరి పీల్చండి" అంది స్నెజానా.

ఆయన పీల్చారు. నరాలు ఇంకా ఉబ్బాయి.

"మళ్లీ పీల్చండి."

మళ్లీ అలాగే. ఆమె వంగి ఆయన ఛాతీకి స్టెతస్కోపు గొట్టం ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుని వింది. తర్వాత ఆ గొట్టం నా చెవుల్లో పెట్టింది. ఎందుకు పెట్టిందో, నా మొహం చూసి జాలేసిందేమో. గుండె లబ్ డబ్ అంటోంది, ఆ వెంటనే మూడో చప్పుడు, గట్టిగా, ఎవరో లోపలి నుంచి తలుపు కొట్టినట్టు.

"ఊపిరి పీలిస్తే మెడ నరాలు తగ్గాలమ్మా. అప్పుడు గుండె రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది కాబట్టి. ఈయనకి పెరుగుతున్నాయంటే గుండె లాక్కోలేకపోతోందన్నమాట. కాలేయం చెడితే పొట్ట ఉబ్బుతుంది గానీ మెడ ఇలా ఉబ్బదు. ఈ నీళ్లు కాలేయం పుట్టించినవి కావు. గుండెలోకి దారి దొరక్క వెనక్కి తన్నిన నీళ్లు."

"మరి గుండెకేం ఢోకా లేదన్నారే!" అన్నాను.

"పిండడం బాగానే పిండుతుంది. నిండడానికే చోటు లేదు."

ఛాతీకి పక్క నుంచి ఎక్స్‌రే తీయించింది. మూడేళ్లలో ఎవరూ పక్క నుంచి తీయలేదు. ఫిల్ముని కిటికీకి ఆనించి మాకు చూపించింది. నల్లటి దాంట్లో గుండె చుట్టూ తెల్లటి గీత, గుడ్డు పెంకు లాగా. ఎముక ఉండకూడని చోట ఎముకంత తెల్లగా.

"కుర్రతనంలో ఊపిరితిత్తుల జబ్బేమైనా చేసిందా ఫాదర్?"

"సైన్యంలో ఉన్నప్పుడు" అన్నారీయన. "ఉత్తరాన చలిలో. క్షయ అన్నారు, ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టిందన్నారు. మందులు వాడాను, తగ్గిపోయింది కదా!"

"ఊపిరితిత్తికి తగ్గింది. గుండె చుట్టూ పలచటి సంచీ ఒకటుంటుంది, దానికి కూడా అప్పుడే అంటుకుని ఉంటుంది. ఆ వాపు చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి రగిలింది. సంచీ మందమైంది, ముడుచుకుంది, సున్నం పట్టి గట్టిపడింది. మీ గుండె ఆ పెంకులో ఇరుక్కుని కొట్టుకుంటోంది ఫాదర్."

మా ఆయన తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, అందులో ఎవరో పరాయివాడు ఉన్నట్టు చూసుకున్నారు.

తర్వాత పెద్ద స్కానింగ్ చేశారు. రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి గుండె గదుల్లో ఒత్తిడి కొలిచారు. గది గదికీ తేడా ఉండాలట, ఈయనకి గుండె నిండే వేళ అన్ని గదుల్లోనూ ఒకటే ఉందట. ఇక అనుమానం లేదని స్నెజానా పరుగున వచ్చి చెప్పింది. పెంకు ఒలిచి తీసేస్తే బతుకుతారంది. మూడేళ్లలో బతుకుతారన్న మాట వినడం అదే మొదటిసారి.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఆపరేషన్ చేసే డాక్టర్ పాస్కారు వచ్చాడు, నెరిసిన కనుబొమ్మల మనిషి. నిలబడే ఫైలు తిరగేసి, ఒక చోట వేలు పెట్టాడు.

"రోజుకి అర లీటరు. ఎన్నేళ్లుగా?"

ఫైలు మూసి స్నెజానా చేతికిచ్చాడు.

"చూడు స్నెజానా, పెంకు ఉంది, ఒప్పుకున్నా. కానీ ఇంత తాగిన కాలేయంతో బల్లెక్కించానంటే దించేది శవాన్నే. నేను కొయ్యను."

"అబద్ధం చెప్పాను" అన్నారు మా ఆయన.

"కత్తి కనపడగానే అందరూ అదే అంటారు ఫాదర్."

"నేను తాగను. ఎప్పుడూ తాగలేదు."

"ఏది అబద్ధం మరి? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెబుతున్నదా?" అని పాస్కారు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

నేనేం చెప్పాలి? నాకూ అదే ప్రశ్న. అది అడిగేశాను, వార్డంతా వింటుండగానే.

"ఎందుకన్నారండీ ఆ మాట? ఎందుకన్నారు?"

ఆయన దుప్పటి అంచు మోకాళ్ల మీదకి లాక్కున్నారు.

"మూడేళ్లు లేదన్నాను అగ్లయా. లేదన్న ప్రతిసారీ ఫైలు మూసేశారు. జిల్లా ఆస్పత్రిలో పక్కవాడు అవును తాగుతానన్నాడు, వాడికి మంచమిచ్చారు, సెలైన్ పెట్టారు, ప్రేమగా మాట్లాడారు. నన్ను అబద్ధాలకోరని ఇంటికి పంపించారు. ఇక్కడ కూడా లేదంటే ఇక్కణ్ణుంచీ పంపించేస్తారనుకున్నా. ఇంకోసారి ఆ బస్సెక్కే ఓపిక నాకు లేదే."

నిజం చెప్పి చెప్పి అలసిపోయి, బతకడం కోసం ఒక ఫాదర్ తన మీద తనే పాపం వేసుకున్నాడు. దాన్ని నేను కూడా నమ్మాను.

పాస్కారు ఆయన దగ్గరికి జరిగాడు. "నాకు అర్థమైంది ఫాదర్. కానీ మాట మీద ఛాతీ కొయ్యలేను."

"మాట మీద వద్దు సార్" అంది స్నెజానా. "ఈయన చేరి వారం దాటింది. ఇక్కడ చుక్క దొరకదు. నిజంగా అర లీటరు మనిషైతే మూడో నాటికే ఒళ్లంతా వణకాలి, చెమటలు పట్టాలి, గోడల మీద ఎలుకలు కనబడాలి. మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ఎవరికీ తట్టలేదు. ఫాదర్, చేతులు చాపండి."

ఆయన చాపారు. ఆమె ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆయన వేళ్ల మీద పరిచింది. కాగితం అంచు కూడా అదరలేదు. పాస్కారు వంగి చూశాడు. తన చెయ్యి కూడా చాపి పక్కన పెట్టాడు. పాస్కారు వేళ్లే కాస్త వణికాయి.

"సోమవారం" అన్నాడు, అని వెళ్లిపోయాడు.

"నాకు మొదట్నుంచీ తెలుసు" అన్నాడు పక్క మంచం ముసలాయన. కొట్టబోయాను.

సోమవారం ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. సాయంత్రం పాస్కారు ఒక స్టీలు పళ్లెంతో బయటికొచ్చాడు. అందులో పసుపు తిరిగిన తెల్లటి ముక్కలు. ఒకదాన్ని పళ్లెం అంచుకి తగిలిస్తే టక్కుమంది. ఆ చప్పుడికి నేను వెనక్కి గెంతాను. మనిషి గుండె మీద నుంచి తీసింది రాతిలా మోగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"బయటపడగానే గుండె ఒక్కసారిగా పెద్దదైందమ్మా" అన్నాడాయన. "ఇన్నేళ్లు కత్తి పట్టాను, అది చూసినప్పుడల్లా నాకు నోట మాట రాదు."

నేను పాస్కారు చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను, అంతే.

మా ఆయన కోలుకుంటుండగా ఊరికి ఫోన్ చేశాను. పెద్ద ఫాదర్ మా ఆయన తాగుడు మాన్పించే చికిత్సకి వెళ్లాడని, ఆయన కోసం ప్రార్థించమని చర్చిలో ప్రకటించారట. నాకు పట్టలేనంత కోపం వచ్చింది. వెంటనే ఆ మహానుభావుడికే ఫోన్ చేసి జబ్బు పేరు, పెంకు, పళ్లెం అన్నీ ఒక్క ఊపున వినిపించాను. చివరికి, వేరేవాణ్ణి పంపడం లేదులే అమ్మా, అన్నారు. అది చాల్లేదు నాకు. ఎక్స్‌రే ఫిల్ము అడిగి తీసుకుని సంచీలో పెట్టుకున్నాను. ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి, కొట్టుదాని మొగుడితో మొదలుపెట్టి, ఒక్కొక్కడి కళ్ల ముందూ ఆడించాలని నిర్ణయించుకున్నాను.

మేము ఊళ్లో దిగేసరికి చెర్రీ చెట్లు పూసి ఉన్నాయి. ఆయన కర్ర సాయంతో, పొట్ట లేకుండా, వదులైన అంగీలో నడుస్తున్నారు. మా గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. శుభ్రమైన చొక్కా, గీసిన గడ్డం. గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది. హరలంబీ. నది ఒడ్డున గుడిసెలో ఒంటరిగా ఉంటాడు, అతన్ని నిలబడి ఉండగా చూసినవాళ్లు మా ఊళ్లో తక్కువ.

"ఫాదర్" అన్నాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు, అయినా భుజాల దాకా వణుకుతున్నాయి. "మీరు చికిత్సకెళ్లారని చర్చిలో చెప్పారు. ఫాదర్ అంతటాయన ఊరందరి ముందూ ఒప్పుకుని వెళ్లాడంటే, నాకేం రోగం, అనుకున్నా. ఆ వేళ నుంచీ ముట్టుకోలేదు. ఒట్టు."

నా చెయ్యి సంచీలోకి వెళ్లింది. ఫిల్ము అంచు వేళ్లకి తగిలింది. మా ఆయన నా వైపు చూడలేదు. హరలంబీనే చూస్తున్నారు, పెదవులు కదిలాయి. ఆయన నిజం చెప్పబోతున్నారని నాకు తెలిసిపోయింది.

"రాత్రుళ్లే చచ్చిపోతున్నానండీ" అన్నాడు హరలంబీ. "ఈ వణుకు తగ్గుతుందా ఫాదర్? మీకు తగ్గిందా?"

"తగ్గింది" అన్నాను నేను. "మొదట్లో ఈయనా ఇలాగే వణికారు. రాత్రంతా నేనే పట్టుకుని కూర్చున్నా. తర్వాత తగ్గిపోయింది."

మా ఆయన నోరు తెరుచుకుని నా మొహంలోకి చూశారు.

"నిజంగానా అమ్మగారూ?"

"నిజంగానేరా" అన్నాను. "లోపలికి రా, చారు వేడి చేస్తా."